ఖమ్మం రేటు నీకెప్పుడు తెలిసింది?

ధర ఎంతని అడగకుండా సంతంతా తిరిగే మనిషి అహ్మద్ పాషా ఒక్కడే. ఆ ధర నీకెప్పుడు తెలిసిందని మాత్రం ఎదురుపడ్డ ప్రతివాళ్లనూ అడుగుతాడు. ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యేచోట మంగళవారం సంత. ఆ సంతలోనే పాషా గడియారాల రిపేరు దుకాణం. సోమవారం సామాను కోసం ఖమ్మం పోయినప్పుడు మార్కెట్లో చింతపండు రేటు కనుక్కుని, మెడలో వేలాడే స్టాప్‌వాచ్ నొక్కుతాడు. అదే రేటు తమ సంతలో వ్యాపారి నోటినుంచి ఊడిపడ్డాక మళ్లీ నొక్కుతాడు. ఎన్నాళ్లు పట్టిందో నోటుబుక్కులో ఎక్కిస్తాడు.

ఈ పిచ్చితో ఆయన భార్య సర్వరీ బేగం ఏడేళ్లుగా వేగుతోంది.

"అజీ, కోడిగుడ్డు రెండున్నర అయింది."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే, కొన్నప్పుడు."

"దుకాణపోనికెప్పుడు తెలిసిందట?"

"అడగలే."

"అడగకుండ గుడ్లెట్ల తెస్తవ్ బేగం?"

ముదిగొండలో పాషా చెల్లెలికి కొడుకు పుట్టాడని ఆమె మరిది హఫీజ్ కబురు తెచ్చినప్పుడూ అంతే. మామ అయ్యానని సంబరపడాల్సిన మనిషి, వచ్చినవాణ్ని గుమ్మంలోనే నిలబెట్టి గంటలు లెక్కపెట్టించాడు. ముప్పై ఒకటి తేలాయి. "దీనికంటే చింతపండు రేటే నయం" అని నిట్టూర్చాకే మిఠాయి నోట్లో వేసుకున్నాడు.

రెండువేల ఒకటిలో ఖమ్మం రేటు సంతకు చేరడానికి పదిహేను రోజులు పట్టేది. రెండువేల నాలుగులో ఎనిమిదికి దిగింది. ఆరునుంచి ఒక్కటే రోజు. పెళ్లి భోజనాల దగ్గర కూడా పాషా ఈ లెక్క చదివి వినిపించేవాడు.

"మన సంత ఎంత ఎదిగిందో చూసినవా బేగం!"

"సంత సరే. దేవ్లా రిపేరుకు గడియారమిచ్చి రెండు దసరాలైంది. అదెప్పుడు ఎదుగుతది?"

రెండువేల ఎనిమిది వేసవిలో మాత్రం నవ్వులాట ఆగింది. ప్రభాకర్ చింతపండు వ్యాపారి, పాషా దుకాణం గది కూడా ఆయనదే. ఒకరోజు సర్వరీ ఎదుటే తేల్చి చెప్పేశాడు.

"పాషా భాయ్, సంతల నీ అడుగుడు బంద్ చెయ్. లేకుంటే గది ఖాళీ చెయ్."

ఇంటిల్లిపాదీ తినేది ఆ గది మీదే. సర్వరీ భర్త చెయ్యి లాగి తన నెత్తిన పెట్టుకుంది. "సంతల ఎవ్వర్నీ ఏమీ అడగనని ఒట్టెయ్యండి." పాషా ఒట్టేశాడు. ఆ పూట అన్నం సగంలోనే వదిలేసి లేచాడు.

తర్వాతి సోమవారం సాయంత్రం, పాషా ఖమ్మం నుంచి దిగేసరికి, సంతల రేట్ల మీద సర్వే చేస్తున్న రాజేష్ దుకాణంలో కూర్చుని ఉన్నాడు. మరునాటి సంతకని చింతపండుతో ముందే దిగిన కోయ ఆడమనిషి జంపక్క కూడా అక్కడే ఉంది.

"పదకొండు సంతలు తిరిగిన. రేటు చేరాలంటే ఎక్కడైనా ఎనిమిది రోజులు. ఇక్కడ ఒక్కటే రోజంటున్నరు. సెల్ టవర్ ఏమన్న ఉందా?" అన్నాడు రాజేష్.

జంపక్క పకపకా నవ్వింది. "టవరేంది సారూ? పాషా భాయే మా గంపల కాడికొచ్చి, ఖమ్మంల గింతైంది, నీకెప్పుడు తెలిసిందంటడు. ఇప్పుడే, నువ్వు చెప్తేనే అంటం. ఇగ తక్కువకెవరిస్తరు? మొదట్ల పిచ్చోడనుకున్నం. ఖమ్మం పోయొచ్చినోళ్లు నిజమే అన్నంక నమ్మినం. రేపు మూడు బస్తాలమ్మి ఇంటికి రేకులేస్త."

రాజేష్ తల పట్టుకున్నాడు. "అయ్యో, అడిగి అడిగి మీరే రేటు మోసుకొస్తే నా సర్వే ఏం కావాలె?"

అక్కడే వింటున్న సర్వరీ, భర్త చేతిలోని నోటుబుక్కు లాక్కుని తిరగేసింది. ప్రతి వారం పైన గంపల ఆడవాళ్ల పేర్లు: జంపక్క, ద్వాలి, దుర్గ. అన్నిటికన్నా కింద ప్రభాకర్.

"ఈయన్ను ఆఖరికెందుకు అడుగుతరు?"

"ఆయనకు మొదలే తెలుసు గద."

"అంటే చెప్పనీకెనా ఈ అడుగుడంతా?"

పాషా తల గోక్కున్నాడు. "ఊరికె చెప్తే బేరం చెడగొడుతున్ననని వ్యాపారులు కొట్లాటకొస్తరు. అడిగితే పిచ్చోడని నవ్వి ఊకుంటరు."

"ఏడేండ్లు నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడగలే."

సర్వరీకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఇంత తెలివైన మనిషినా నేను నోరు మూయించింది అనుకుంది. సిగ్గేసింది, అంతకు పదింతలు గర్వమేసింది.

మంగళవారం పాషా ఒట్టుకు కట్టుబడి దుకాణంలో మూతి బిగించుకుని కూర్చున్నాడు. బయట ప్రభాకర్ జంపక్క బస్తాల ముందు నిలబడి "కిలో పద్దెనిమిది" అన్నాడు. జంపక్క దుకాణం వైపు చూసింది. పాషా తల దించుకున్నాడు.

సర్వరీ భర్త మెడలోంచి స్టాప్‌వాచ్ తీసి తన మెడలో వేసుకుని, సున్నా నుంచి నొక్కింది. నోటుబుక్కులో నిన్నటి ఖమ్మం రేటు చూసుకుని, కొంగు సర్దుకుని సంతలోకి నడిచింది.

"జంపక్కా! ఖమ్మంల ఇరవై ఆరైంది. నీకెప్పుడు తెలిసింది?"

"ఇప్పుడే అక్కా!"

"ద్వాలీ, నీకు?"

"నాకూ ఇప్పుడే!"

గంప గంపకూ ఆ మాట పాకిపోయింది. ప్రభాకర్ ఉరికొచ్చాడు. "ఏందమ్మా ఇది? పాషా భాయ్ ఒట్టేసిండు గద!"

"ఆయనేసిండు. నేనెయ్యలే."

"గది పోతది మరి!"

"గది నీది, పని మాది. గీడనే గొడుగేసుకొని కూసుంటం."

"మా గంపల పక్కన జాగ ఉందక్కా!" అని జంపక్క కేకేసింది. పద్దెనిమిదికి అమ్మేది లేదని ఆడవాళ్లంతా గంపలు నెత్తికెత్తుకోబోయారు. ప్రభాకర్ చుట్టూ ఓసారి చూసి, గది మాట వదిలేసి గొణిగాడు. "లారీ కిరాయి పోను ఇరవై నాలుగు."

సర్వరీ స్టాప్‌వాచ్ నొక్కి, తలెత్తుకుని దుకాణానికి తిరిగొచ్చింది. పాషా ముఖం వెలిగిపోతోంది.

"నువ్వు సంతల అడుగుపెట్టిన కాడినుంచి పదకొండు నిమిషాలు బేగం! ఏడేండ్లల్ల ఇంత జల్దీ ఎన్నడూ రాలే!"

ఆమె తన చేతిలోది చూసుకుంది. సరిగ్గా పదకొండే. "స్టాప్‌వాచ్ నా దగ్గరుంటే మీరెట్ల కొలిచిండ్రు?"

పాషా బల్ల మీది గడియారం చూపించాడు. రెండు దసరాలనుంచి పడి ఉన్నది టిక్కుటిక్కుమంటోంది.

"దేవ్లాది. కొలవాలంటే బాగుచెయ్యక తప్పలే."