దేవసహాయం మట్టి ఉండలు

పందొమ్మిది వందల యాభై ఏడులో నంద్యాలలోని ఒక నూనెమిల్లులో రసాయనాలు చూసే దేవసహాయం, రోజూ ఒక మట్టి ఉండను నాలుక మీద పెట్టుకొని చూసేవాడు. నాలుకకు అతుక్కుంటే లోపల సన్నటి రంధ్రాలు బాగా ఉన్నట్టు. ఆ రంధ్రాల్లో నికెల్ పొడి పట్టించి, కాగే వేరుశనగ నూనెలో వేసి హైడ్రోజన్ పంపితే నూనె వనస్పతి అవుతుంది. ఉండలు చేసేది ఆళ్లగడ్డ కుమ్మరి ఓబుళమ్మ. మట్టిలో వడ్ల పొట్టు కలిపి కాల్చేది. "ఇంగో పూట మంట పెడితేనే గట్టిపడతాయప్పా," అని ఆమె మొదటే చెప్పింది. రంధ్రాలు పూడిపోతాయని అతడే వద్దన్నాడు. తీరా ఉండలన్నీ నూనెలో చితికి బురదయ్యాయి. యజమాని కేకలేస్తే దేవసహాయం నేలచూపులు చూస్తూ, "ఆయమ్మ కట్టెలు మిగిలించుకున్నట్టుంది సార్," అనేశాడు.

వారం తిరక్కుండా ఓబుళమ్మ ఇంకో గంపెడు పంపింది. అవి నెలరోజులు కాగినా ఒక్కటీ చిట్లలేదు, రంధ్రాలూ పూడలేదు. యజమాని పనివాళ్లందరి ముందూ దేవసహాయం భుజం తట్టాడు. ఆ ఆదివారం ప్రార్థన మానుకొని ఆళ్లగడ్డ బస్సెక్కాడు. ఓబుళమ్మ మట్టి తొక్కుతోంది.

"తప్పు నాదేనమ్మా. నీ మీద పెట్టినా," అన్నాడు.

ఆమె తొక్కడం ఆపలేదు. "ఆ మాట అప్పుడే మీ మిల్లోళ్ల నోట ఇన్నా. అందుకే రెండు పూటలు కాల్చి పంపినా. మీ మిల్లాయనకు చెప్పినావా?"

దేవసహాయం తల అడ్డంగా ఊపాడు.

"మల్ల నాకెందుకు చెప్తాండావప్పా? నాకు తెలిసిందే గదా."

మర్నాడు పొద్దున, పనివాళ్లందరూ ఉండగానే, దేవసహాయం యజమాని ఎదుటికి పోయి నిలబడ్డాడు.