పడవ నడిపిన అమ్మాయి, నమ్మని పాఠకుడు

తుఫానుకు ఎదురెళ్లిన వీరనారి కథ చెబుతాను, కాచుకోండి. నిజానికి ఆ కథ నేను విన్నప్పుడు గాలి కూడా లేదు. మేం మా దీవిలో బ్రూక్షాబాద్ నుంచి ఊళ్లోకి వచ్చే బస్సులో ఉక్కపోతకు ఉడుకుతున్నాం.

పక్క సీట్లో అమ్మాయి లైబ్రరీ నవల చివరి పేజీ నా ముందు పెట్టింది.

"భయ్యా, అచ్చులో ఉన్న తెలుగైతే మెల్లగా చదువుతాను. ఈ చేతిరాత ఏటి?"

ఎవరో పాఠకుడు పెన్నుతో ఇచ్చిన తీర్పు అది. చదివి వినిపించాను: "సాహసం బాగుంది. కానీ ఆడపిల్ల తుఫానులో ఒంటరిగా పడవ నడిపిందంటే నమ్మలేం."

ఆమె నా చేతికి పెన్ను ఇచ్చింది.

"కింద రాయి. నేను నడిపేను. నాన్నకి జ్వరం, ఒడ్డుకి నేనే తెచ్చేను."

"నాన్న ఉన్నాడుగా, ఒంటరి ఎలా అవుతుంది?"

"వాంతులు చేసుకుంటా కూకున్నాడు. అది సాయమేటి?"

"సరే. 'నా అభిప్రాయం ప్రకారం' అని మొదలెడదామా?"

"అభిప్రాయమేటి భయ్యా, జరిగింది! రేపు మా చెల్లి ఈ బుక్ చదువుతాది. ఆఖర్న ఆయన మాటే ఉండిపోవాలా?"

బస్సు కుదుపులకు అక్షరాలు వంకరపోయినా, ఒక్క మాట తగ్గించకుండా రాశాను. ఆమె కింద తను బడిలో నేర్చిన హిందీలో సంతకం పెట్టి, డైరీ ఫార్మ్ స్టాపులో దిగిపోయింది.

ఆ నవల నేనూ చదవాలనిపించి ఆ ఆదివారమే లైబ్రరీకి వెళ్లాను. తలుపుకు తాళం ఉంది. ఆదివారాలు సెలవట.