వేరా ఆంటీ వాళ్ల పాట

నిన్న షాపులో వేడి బ్రెడ్డు వాసన తగిలి, లాస్ ఏంజిలిస్‌లో మా పక్కింటి వేరా ఆంటీ గుర్తొచ్చారు. వాళ్లు రష్యా నుంచి వలసొచ్చిన మొలొకాన్ క్రైస్తవులు. నాకు ఏడేళ్లప్పుడు ఆవిడతో వాళ్ల ప్రార్థనకి వెళ్లాను. గోడలకి ఒక్క పటమూ లేదు. బల్లమీద బ్రెడ్డు, ఉప్పు. సగానికి పైగా బెంచీలు ఖాళీ.

“మిగతావాళ్లు ట్రాఫిక్‌లో ఉన్నారా ఆంటీ?”

“లేదమ్మా, అందరం వచ్చేశాం,” అన్నారావిడ.

ఆ కొద్దిమంది ముసలివాళ్లు గొంతెత్తితే కిటికీ అద్దాలు అదిరాయి. ఆంటీ మనవరాలు నాడియాకి రష్యన్ రాదు, మధ్యలో తడబడింది. వెంటనే అందరూ నెమ్మదించి, ఒకే మాటని సాగదీస్తూ, తను అందుకున్నాకే ముందుకెళ్లారు. వాళ్లూ పాట మర్చిపోయారనుకుని నవ్వుకున్నాను.

ఆ పిల్ల కోసం ఆగారని ఇన్నేళ్లకి తెలుస్తోంది. ఆంటీ ఇప్పుడు లేరు. అక్కడ పాట ఎత్తుకునేది నాడియానే.