చెవులపిల్లి పట్టిన శ్రుతి

తబలాలు చేసే ఇంట్లో పుట్టిన ఆమెను తండ్రి చెవులపిల్లి అని పిలిచేవాడు. ఆమె చెవులేం పెద్దవి కావు. ఆరేళ్లప్పుడు వర్క్‌షాపు మూలన బొమ్మలతో ఆడుకుంటూనే, “నాన్నా, అది ఏడుస్తోంది” అనేది. తండ్రి తట్టి చూస్తే నిజంగానే ఆ తబలా ఒక పక్క శ్రుతి జారి ఉండేది.

తబలా మీది తోలును పట్టీలతో పదహారు చోట్ల బిగిస్తారు. పదహారు చోట్లా ఒకే స్వరం పలకాలి, ఆ స్వరం పాట శ్రుతిలో కలవాలి. అంచున ఉన్న తోలు అల్లిక మీద సుత్తితో పైనుంచి కొడితే శ్రుతి పెరుగుతుంది, కిందినుంచి తడితే తగ్గుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యబోతే మాత్రం ఒక చోటును బుజ్జగించేలోపు ఎదుటి చోటు అలుగుతుంది. పదిహేనేళ్లు వచ్చేసరికి తండ్రి చేసిన ప్రతి తబలాకూ ఆఖరి దెబ్బ ఆమెదే.

ఆ షాపుకు ఒక కుర్ర వాద్యకారుడు వచ్చిపోతుండేవాడు. అతను వాయిస్తుంటే రేకుల మీద వాన కురిసినట్టుండేది. “వీడికి చేతుల్లో మెరుపుంది గానీ చెవులు మాత్రం ఇంట్లో పెట్టి వచ్చాడు” అని నవ్వేవాడు తండ్రి. నవ్వుతూనే కూతుర్ని అతనికి ఇచ్చి పెళ్లి చేశాడు.

“నీ చెవి చూసే చేసుకున్నాను” అన్నాడు అతను కొత్తలో. ఆమె సిగ్గుపడింది. అది మురిపెం కాదనీ ఉన్నమాటేననీ తెలియడానికి ఏడాది పట్టింది.

పద్దెనిమిదేళ్లు అలాగే గడిచాయి. ప్రతి కచేరీకీ రెండు గంటల ముందు ఆమె తెర వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చునేది. పాడేవాళ్ల శ్రుతి ఒకటిన్నరో రెండో కనుక్కుని, దానికి తగ్గ తబలా తీసి చుట్టూ తట్టుకుంటూ వచ్చేది. వేదిక మీది దీపాల వేడికి తోలు బిగుస్తుందని వెంట్రుకవాసి తగ్గించి ఉంచేది. తర్వాత వచ్చి మూడో వరుసలో కూర్చునేది. ఆమె గడ్డం మీద చెయ్యి పెడితే పెంచమని, మోకాలి మీద పెడితే తగ్గించమని. అతను జనం ముందు సుత్తి పట్టుకుని నాలుగు దెబ్బలు వేసి, కళ్లు మూసుకుని తలాడించేవాడు. “ఎంత శ్రుతిశుద్ధమండీ మీది” అని ఎవరైనా అంటే వినయంగా వంగేవాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్ద గాయనితో రిహార్సలు. ఆవిడకు జలుబు చేసి గొంతు పట్టేసింది. “అర శ్రుతి దించుకుందాం” అంది. అతను సుత్తి తీసి కిందినుంచి తట్టాడు. ఒక పక్క దిగింది, రెండో పక్క దిగలేదు. గోడవార కుర్చీలో ఉన్న భార్య మోకాలి మీద చెయ్యి పెట్టింది. అతను కంగారులో పైనుంచి కొట్టాడు. ఆమె మళ్లీ మోకాలు తట్టింది. గాయని అటూ ఇటూ చూసింది.

“శ్రుతి చేసేది మీరా, ఆ మూలన ఉన్నావిడా?”

అతను పెద్దగా నవ్వాడు. “మా ఆవిడండీ. సుత్తి, పౌడరు డబ్బా అందిస్తుందని తెచ్చుకుంటాను. పాట వింటే చేతులాడించే అలవాటు.”

అందరూ నవ్వారు. ఆమె చెయ్యి మోకాలి మీదే ఉండిపోయింది. తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు విడుస్తూ అడిగింది. “నేను మీకు పౌడరు డబ్బా అందించేదాన్నా?”

“నలుగురిలో ఏం చెప్పమంటావు? మా ఆవిడ చేసిపెడితే గానీ వాయించలేనని చెప్పుకోనా?”

“చెబితే ఏం పోతుంది?”

“నా పరువు పోతుంది.”

“అయితే ఇకనుంచి ఆ పరువుతోనే శ్రుతి చేసుకోండి.”

అతను ఆమెను బతిమాలలేదు. మర్నాడు అరచేతిలో పట్టే యంత్రం ఒకటి కొనుక్కొచ్చాడు. తబలా తట్టగానే శ్రుతి సరిగ్గా ఉంటే పచ్చ దీపం వెలుగుతుంది. దాన్ని ఆమె ముందు బల్ల మీద పెట్టి, “ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి” అన్నాడు.

ఆ గాయని కచేరీకి ఆమె తోటికోడలితో వెళ్లి ఆఖరి వరుసలో కూర్చుంది. అతను ఓడిపోతే చూడాలనే వెళ్లింది. ఆ సంగతి ఆమె దాచుకోలేదు, తర్వాత తమ్ముడికి తనే చెప్పింది. యంత్రం అబద్ధమేమీ చెప్పలేదు. తట్టిన చోటు వరకు నిజమే చెప్పింది. పదహారు చోట్లా తట్టి చూసే ఓపిక అతనికే లేదు. మూడు దెబ్బలకే ఆమెకు తెలిసిపోయింది, ఒక పక్క రెండు చోట్లు దిగి ఉన్నాయని. రెండో పాటకు దీపాల వేడికి తబలా మొత్తం పైకి పోయింది. గాయని ఒకసారి అతనివైపు చూసి, ఇక చూడటం మానేసి గొంతు పెంచి పాడుకుపోయింది. ఆమెకు పంటికింద రాయి పడ్డట్టుంది ప్రతి దెబ్బకూ.

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

“బావగారు ఇవాళ ఇంకా బాగా వాయించారు కదక్కా” అంది తోటికోడలు. ఆ పిల్ల మనసులో ఏ కల్మషమూ లేదు. అందుకే ఆ మాట ఇంకా లోతుగా దిగింది. భర్త తనను దాచిపెట్టాడని ఇన్నాళ్లూ కోపం. దాచకపోయినా వినే చెవి ఇక్కడ ఒక్కటీ లేదని అప్పుడు అర్థమైంది.

నెల తిరక్కుండా పుట్టింటికి వచ్చేసింది. “కోపం చల్లారితే తనే వస్తుందిలే” అని అతను అందరితో అన్నాడు గానీ వచ్చి పిలవలేదు. తండ్రి పోయాక షాపు తమ్ముడే చూసుకుంటున్నాడు. అక్కకు కిటికీ పక్కన ఒక పీట వేశాడు. నాలుగేళ్లుగా అక్కడే పని.

ఈమధ్య ఒక తబలా కొత్త తోలు వేయించుకోవడానికి వచ్చింది. తమ్ముడు తోలు మార్చి, ఎవరిదో చెప్పకుండా ఆమె ముందు పెట్టాడు. చెక్క మీద చెయ్యి వెయ్యగానే పోల్చుకుంది. అరగంట సేపు సుత్తి పట్టుకుని ఊరికే కూర్చుంది. ఒక్క చోటు వదిలేస్తే చాలనుకుంది. చెయ్యి ఒప్పుకోలేదు. చుట్టూ తిప్పి తిప్పి, ఒక చోటుకీ ఇంకో చోటుకీ తేడా లేకుండా కలిపింది. పని అయ్యాక తన చేతి మీద తనకే అసహ్యం వేసింది.

వారానికి తమ్ముడు భోజనాల దగ్గర అన్నాడు.

“బావ ఫోన్ చేశాడక్కా. ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదట. చేసిందెవరని అడిగాడు.”

“నువ్వేమన్నావు?”

తమ్ముడు కంచంలోకి చూశాడు. “కొత్త పనివాడని చెప్పాను. నీ పేరు చెబితే ఇటు రాడేమోనని.”

ఆమె చెయ్యి కడుక్కుంది. సగం అన్నం కంచంలోనే ఉంది. తమ్ముడు “అక్కా” అన్నాడు. ఆమె వెళ్లి పీట మీద కూర్చుని, సాయంత్రానికి ఇవ్వాల్సిన తబలా ఒళ్లోకి తీసుకుంది.