లూర్దక్క తూకం

మా పక్కింటి కుర్రాడు జిమ్‌కి పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి, తెల్లారేసరికి వాళ్ళ వంటింట్లో గుడ్లు ఉడికే వాసన మా వరండాలోకి వస్తోంది. నరసరావుపేటలో ఇంటికీ ఇంటికీ మధ్య గోడ ఉంటుంది గానీ వాసనకి గోడ అడ్డం కాదు. పెంకు ఒలిచేటప్పుడు వచ్చే ఆ వెచ్చటి నీచు వాసన తగలగానే నేను లేచి తలుపు వేసుకుంటాను. మా ఆయన దాన్ని చాదస్తం అంటాడు. చాదస్తం కాదు, కోపం. ఎవరి మీద అంటే ఒక పల్లె మొత్తం పేర్లు చెప్పాలి. అందులో సగం మంది ఇప్పుడు సమాధుల తోటలో ఉన్నారు, మిగిలినవాళ్ళు నేను కనపడితే "బాగుండావా అమ్మాయ్" అని ఆప్యాయంగా పలకరిస్తారు. అలాంటివాళ్ళ మీద కోపం పెట్టుకోవడం ఎంత కష్టమో పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది.

మా ఊరు కారంపూడికీ గురజాలకీ మధ్య, పెద్ద రోడ్డు దిగి లోపలికి పోతే వస్తుంది. ఒక పక్క నాపరాయి క్వారీలు, ఇంకో పక్క మిరప చేలు. ఎండాకాలమంతా రాతి దుమ్ము పడి వేపచెట్లూ, కోళ్ళూ, పనినుంచి ఇంటికొచ్చే మగవాళ్ళ కనుబొమలూ తెల్లగా ఉండేవి. ఫిబ్రవరి దాటిందంటే కల్లాల్లో ఆరబోసిన కాయలతో ఊరి చుట్టూ ఎర్రగా ఉండేది. గాలి ఇటు తిరిగితే పీఠం దగ్గర ప్రసంగం చెప్తున్న ఫాదర్ గారితో సహా గుడిలో ఉన్నవాళ్ళందరం తుమ్మేవాళ్ళం. మా పల్లెలో అందరం క్యాథలిక్కులమే. ఇన్నాసీ అని పిలిస్తే నలుగురు, రాయప్పా అని పిలిస్తే ఆరుగురు పలికేవాళ్ళు. క్రిస్మస్ నెల వస్తే వెదురు బద్దలతో నక్షత్రాలు కట్టడం, ఇంటింటా అరిసెల పాకం వాసన, పండుగ మర్నాడు గుడి వెనక దొడ్లో సున్నపు గీతలు గీసి కబడ్డీ పోటీలు. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ వచ్చేవి. పిల్లలం రాళ్ళ గుట్టల మీద కూచుని, అరిసెలు కొరుకుతూ, గొంతు పోయేదాకా అరిచేవాళ్ళం.

పోటీలు అయిపోయినా పోటీల గురించిన వాదన ఏడాదంతా నడిచేది. సాయంత్రం క్వారీ నుంచి వచ్చిన మగవాళ్ళు ఒళ్ళు కడుక్కుని, గుడి ప్రహరీ పక్కన పేర్చిన నాపరాళ్ళ మీద చేరేవాళ్ళు. టీకొట్టు నుంచి పేపర్లో ఆటల పేజీ ఒక్కటే అడిగి తెచ్చుకునేవాళ్ళు. దేశం జట్టుకి ఎవరిని తీసుకోవాలి, ఎవరిని తీసుకోవడం అన్యాయం, ఎవడి ఫామ్ పోయింది, ఎవడికి ఇంకా రెండేళ్ళ ఆట ఉంది అని తేల్చేవాళ్ళు. ఆ ఆటగాళ్ళను వాళ్ళెవరూ కళ్ళతో చూసిన పాపాన పోలేదు. అయినా వాళ్ళ మోకాళ్ళలో నొప్పి ఏ పక్క ఉందో కూడా వీళ్ళకి తెలుసు. ఈ సభకి పెద్ద ఇన్నాసి మావ. చుట్టం కాదు, వరస కలిపిన మావ. వయసులో ఉన్నప్పుడు బాగా ఆడాడని ఆయనే చెప్పేవాడు. ఆయన ఏది అంటే దానికి అడ్డం చెప్పడం మా రాయప్ప పెదనాన్న పని.

"మోకాలు పోయినోణ్ణి ఇండియా టీములోకి ఎట్టా తీసుకుంటార్రా?" అని ఇన్నాసి మావ అంటే, "పోయింది మోకాలు. బుర్ర గాదు. కూతకి పోయేది బుర్రతో" అనేవాడు పెదనాన్న. అక్కణ్ణుంచి అన్నాలవేళ దాకా లాగేవాళ్ళు.

అలాంటి సభలోకి మా లూర్దక్క పేరు వచ్చింది. అసలు పేరు లూర్దు మేరి, నాకంటే ఐదేళ్ళు పెద్దది. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు ఆడపిల్లల జట్టు కట్టినప్పుడు, నిక్కరు వేసుకుని ఆడపిల్లకి ఆటేందని మొదట మొహం చిట్లించింది ఈ రాళ్ళ మీదివాళ్ళే. అక్క కూత సన్నంగా ఉండేది గానీ తెగేది కాదు. అవతలి గీత దాకా పోయి, పట్టుకోవడానికి వచ్చిన చేతుల కిందనుంచి జారి వెనక్కి వచ్చేది. మండలం గెలిచి, జిల్లా జట్టులోకి పోయి, పేపర్లో వేలెడంత ఫొటో పడ్డాక మొహం చిట్లించినవాళ్ళే "మన పిల్ల" అనడం మొదలుపెట్టారు. దేశం జట్టు సంగతి పక్కన పెట్టి, రోజూ మా అక్క ఫామ్ గురించి మాట్లాడుకునేవాళ్ళు.

తర్వాత మిగిలింది రాష్ట్రం జట్టు ఎంపిక. గుంటూరులో. అందులోకి తీసుకుంటే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు వస్తుందనీ, తిండీ చదువూ వాళ్ళే చూసుకుంటారనీ, బాగా ఆడితే ముందు ముందు పోలీసులోనో రైల్వేలోనో ఉద్యోగం కూడా ఉంటుందనీ మాస్టారు మా ఇంటికొచ్చి చెప్పిపోయాడు. మా పల్లెలో ఆడపిల్లలకి పదో తరగతి పరీక్షలు అయిన మర్నాడే మిరపకోతలు. అక్కకి ఆ సంగతి తెలుసు. హాస్టల్లో మంచం ఒక్కళ్ళకే ఇస్తారంటగా అని రాత్రిళ్ళు నన్ను అడిగేది, నాకేదో తెలిసినట్టు.

ఎంపికలు సరిగ్గా తపస్సు కాలంలో పడ్డాయి. విభూది బుధవారం నుంచి ఈస్టరు దాకా మా పల్లెలో కూరల్లో నీచు ఉండదు. కోళ్ళు నిర్భయంగా తిరిగే రోజులవి. ఆ ఏడు ఫాదర్ గారు ప్రసంగంలో, మీరు మానుకున్న ముద్ద దాచుకోవద్దు, ఇంకొకరికి పెట్టండి, అప్పుడే అది ఉపవాసం అన్నాడు. మంచిమాటే. ఆ సాయంత్రం రాళ్ళ మీద ఇన్నాసి మావ దానికి అర్థం చెప్పాడు. "మనం మానుకున్నది ఎవురికో ఎందుకు, మన లూర్దుకి పెడదాం. దేవుడికి దేవుడు, ఆటకి ఆట." పెదనాన్న జీవితంలో మొదటిసారి ఆయన మాటకి అడ్డం చెప్పలేదు.

అక్కడినుంచి మొదలైంది. తెల్లారేసరికి ఒక ఇంటినుంచి నాటుకోడి గుడ్లు, ఇంకో ఇంటినుంచి గిన్నెడు పాలు. మధ్యాహ్నం బడికి కారేజీలో కార్జం వేపుడు, సాయంత్రం గోంగూరలో వేసి వండిన మాంసం, దానిమీద పేరిన నెయ్యి. ఊరంతా పప్పుచారు తాగుతూ ఒక్క పిల్లకి మాంసం వండింది. గిన్నె తెచ్చినవాళ్ళు పెట్టి పోయేవాళ్ళు కాదు, ఎదురుగా కూచుని తినేదాకా చూసేవాళ్ళు. వద్దంటే అమ్మ కళ్ళెర్ర చేసేది. "ఉపవాసం ఉండి పెడతండారే, కాదంటే పాపం తగులుద్ది."

మాస్టారు చెప్పకపోలేదు. ఆ వయసు పిల్లల జట్టుకి ఇంత బరువు దాటకూడదని లెక్క ఉంటుంది, ఇప్పుడున్న బరువులోనే ఉండు అని అక్కకి గట్టిగా చెప్పాడు. అక్క వచ్చి ఆ మాట రాళ్ళ మీద చెప్తే ఇన్నాసి మావ నవ్వాడు. ఇన్నేళ్ళ పోటీల్లో ఏనాడైనా ఆటగాణ్ణి కాటా ఎక్కించి చూశామా అన్నాడు. నిజమే, తిరణాళ్ళ పోటీల్లో ఎవరూ తూచరు. బరువుంటే పట్టు నిలుస్తుందనేది వాళ్ళకి తాతలనాటి జ్ఞానం. పైగా ఆ వారంలో మిరపకాయలు కొనే షావుకారు కల్లంలోకి కాటా తెస్తే, టిక్కీలు, అదే కాయల బస్తాలు, తూచడం అయ్యాక సరదాకి అక్కని నిలబెట్టారు. ముల్లు పైకి పోయినకొద్దీ చప్పట్లు కొట్టారు. అక్క కూడా నవ్వింది. ఎర్రటి కల్లం మధ్య, కాటా మీద, జడ ముందుకేసుకుని నవ్వుతూ నిలబడిన అక్కని తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

గుంటూరుకి అమ్మా, ఇన్నాసి మావా, పెదనాన్నా వచ్చారు. నేను ఏడ్చి ఏడ్చి బస్సెక్కాను. మాస్టారు ముందే వెళ్ళి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆటకంటే ముందు తూకం. అక్క మిషన్ ఎక్కింది. మాస్టారు ముల్లు వంక చూసి, మా వంక చూశాడు. ముల్లు దాటకూడని గీత దాటి నిలబడింది. తూచే ఆయన మంచివాడే, ఇంకా టైముంది, పరిగెత్తించుకుని తీసుకురండి అన్నాడు. మాస్టారు ఎవరిదో ఉన్ని స్వెట్టర్ అడిగి తెచ్చి, ఆ ఎండలో అక్కకి తొడిగి గ్రౌండు చుట్టూ పరిగెత్తమన్నాడు. అక్క పరిగెత్తింది. మొహం కందిపోయి, జుట్టు నుదుటికి అతుక్కుని, నోట్లో ఊరిన ఉమ్మి కూడా బరువేనని ఊస్తూ పరిగెత్తింది. మళ్ళీ తూచారు. ముల్లు దాదాపు గీత మీదికి వచ్చింది. ఇంకొక్కసారి అన్నారు.

మాస్టారు లోపల ఆఫీసువాళ్ళని బతిమాలుకుంటున్నాడు. అక్క ఇంకో చుట్టు తిరిగి, గోడ నీడలో కూలబడింది. పెదవులు తెల్లగా ఎండిపోయాయి. ఇన్నాసి మావ తట్టుకోలేకపోయాడు. "పిల్ల సచ్చిపోయేట్టుందిరా" అని గేటు బయటికి ఉరికి నిమ్మకాయ సోడా తెచ్చి నోటికి అందించాడు. అక్క కళ్ళు మూసుకుని ఒక్క గుక్కలో తాగేసింది. ఎవరం వద్దనలేదు. మూడోసారి తూచినప్పుడు ముల్లు మళ్ళీ గీత దాటింది. తూచే ఆయన తల అడ్డంగా తిప్పి, తర్వాతి పిల్లని పిలిచాడు.

"మా పిల్లని ఆడించి చూడండయ్యా. తూచేదేంది, మిరప టిక్కీనా?" అని ఇన్నాసి మావ గొడవకి దిగాడు. కాటా ఎక్కించి చప్పట్లు కొట్టిన మనిషి ఆయనే. ఆఫీసువాళ్ళు రూలు అని ఒక్క మాట అని తమ పనిలో పడ్డారు. ఆ రోజు మా అక్క కూత ఎవరూ వినలేదు. బయటినుంచి వేరే పిల్లల కూతలు వింటూ, తడిసిన స్వెట్టర్ ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

తిరుగు బస్సు గుంటూరు దాటింది. ఆ తర్వాత మెల్లగా వాదన మొదలైంది, రాళ్ళ మీద మొదలైనట్టే. పిల్ల ఫామ్‌లో ఉంది, ఆటలో వంక లేదు అన్నాడు ఇన్నాసి మావ. మరి ఎక్కడ పోయింది అన్నాడు పెదనాన్న. నరసరావుపేటలో బస్సు ఆగేసరికి ఎక్కడ పోయిందో తేలిపోయింది.

"నోరు. నోరే అదుపులో లేదు" అన్నాడు ఇన్నాసి మావ. "మనం అభిమానం కొద్దీ పెడతాం. తినేదానికి ఉండొద్దా?"

ముందు సీట్లో మా అక్క వింటూనే ఉంది. అమ్మ పక్కనే కూచుని టిక్కెట్లు లెక్కపెట్టుకుంటోంది. ఊళ్ళోకి వచ్చేసరికి ఆ మాటకి కాళ్ళొచ్చాయి. తిండిపోతు పిల్ల అన్నారు. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాటికి ఇంకొక మెట్టు ఎక్కి, తపస్సు కాలంలో మాంసం తింటే దేవుడు ఊరుకుంటాడా అన్నారు. వండి తెచ్చి, ఎదురుగా కూచుని తినిపించిన ఆడవాళ్ళే, చేతిలో మట్టలు పట్టుకుని, గుడి మెట్ల మీద అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. ఎంపిక చేసేవాళ్ళు పొరపాటు చేస్తే ఆరు నెలలు తిట్టుకునే మనుషులు, తాము చేసిన దాని మీద ఒక్క సాయంత్రం కూడా వాదించుకోలేదు.

మరుసటేడు ఆ వయసు దాటిపోయింది. పదో తరగతి అయ్యాక అక్క మిరపకోతలకి పోయింది, తర్వాత ఊళ్ళోనే క్వారీలో పనిచేసే అతన్ని కట్టుకుంది. ఆ ఈస్టరు నుంచి నీచు ముట్టలేదు. ఊళ్ళో ఆడవాళ్ళు ఇప్పుడామెను భక్తురాలంటారు.

మొన్న తపస్సు కాలంలో ఒక శుక్రవారం సిలువ మార్గం ప్రార్థనకి ఊరెళ్ళాను. గుడి వెనక దొడ్లో ఇప్పుడు రాళ్ళు పాలిష్ చేసే షెడ్డు ఉంది. సున్నపు గీతలు లేవు, క్రిస్మస్‌కి జట్లు రావు, నిక్కరు వేసుకున్న ఆడపిల్ల ఆ ఊళ్ళో మళ్ళీ కనపడలేదు. పెదనాన్న పోయాడు. ఇన్నాసి మావ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, గుడి ప్రహరీ పక్కన కుర్చీలో దగ్గుతూ కూచుంటున్నాడు. చుట్టూ కుర్రాళ్ళు ఫోన్లలో లీగు మ్యాచ్ చూస్తూ దేశం జట్టులో ఎవరుండాలో వాదించుకుంటున్నారు. ఎవరికీ ఆట రాదు. గుడి నుంచి వస్తున్న అక్కనీ నన్నూ చూసి వాళ్ళలో ఒకడు, "అత్తా, నువ్వు కూడా ఆడేదానివంట గదా?" అన్నాడు మా అక్కతో.

అక్క నోరు తెరిచేలోగా ఇన్నాసి మావ అందుకున్నాడు. "ఆడేదేందిరా, ఇండియాకి ఆడాల్సిన పిల్ల. తపస్సు కాలంలో నోరు కట్టుకోలేకపోయింది. అంతే."

"అంతే మావా" అంది అక్క నవ్వి.

నన్ను బస్సెక్కించడానికి రోడ్డు దాకా వచ్చింది. ఆ ముసలాయన మొహాన అడగాల్సింది, నాకు పెట్టిందెవరని అడగాల్సింది అని నేను దారంతా కసురుకుంటూనే ఉన్నాను. రోడ్డు మీదికి వచ్చాక అక్క ఆగి నా వైపు తిరిగింది.

"మావ అబద్ధం చెప్పలేదులేవే" అంది చివరికి. "బలవంతాన తినిపించారనుకుంటండావు నువ్వు. నాలుగురోజులే అది. ఆ తరవాత గిన్నె ఎప్పుడొచ్చుద్దా అని నేనే గుమ్మంలో కూచునేదాన్ని. అంతకుముందు మనింట్లో నా కంచంలో ఎవురన్నా ముక్క ఏశారా?"

బస్సొచ్చింది. ఎక్కేశాను.