పేరు పక్కన గారు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో తాడేపల్లిగూడెంలో ఒక ఎరువుల కంపెనీ ఆఫీసుకి నేను మేనేజర్ని. పైవాళ్లు ఏలూరులో ఒకరోజు ట్రైనింగు పెట్టారు. ఆఫీసులో అందరినీ కలుపుకుపోవడం ఎలా అన్నది విషయం. భోజనం బాగుంది, ఉపన్యాసాలు అంతకంటే బాగున్నాయి. తిరుగు ప్యాసింజర్లో భీమడోలు దాటేసరికి నేను పూర్తిగా మారిపోయాను.

మారినదాన్ని ఊరుకోలేదు. మర్నాడే అందరినీ పిలిచి ఆర్డరు వేశాను. మా ఆఫీసులో టీ ఇచ్చి, ఫైళ్లు మోసే అటెండరు నలభై దాటిన మనిషి. నిన్నగాక మొన్న చేరినవాళ్లు కూడా ఆవిడని "ఏమ్మా, ఇలా రా" అనేవారు. ఆవిడ పాలకి వెళ్లిన వేళ చూసి చెప్పాను: ఇకమీదట పేరు పెట్టి, పక్కన గారు చేర్చి, మీరు అనాలి. "ఏమ్మా" అని వినబడితే ఆ రోజు వాళ్లకి టీ లేదు. నా కోపం ఎరిగినవాళ్లే కనుక అందరూ తలలూపారు.

ఆ రోజు నుంచి ఆవిడని పిలిచినవాళ్లు లేరు. టైపిస్టు గొంతు సవరించుకునేది. స్టోర్ కీపరు ఆవిడ ఎదురుగా నిలబడి, ఖాళీ గ్లాసు చూపించి, నవ్వి వచ్చేసేవాడు. ఏళ్ల తరబడి కుర్చీ దిగని హెడ్ గుమస్తా తనే లేచి బీరువా తెరిచి, ఏ ఫైలు ఎక్కడుందో తెలియక గంటసేపు అందులో తల దూర్చి ఉండేవారు. ఎవరి పని వాళ్లే చేసుకుంటున్నారని నేను పొంగిపోయాను. నా తెలివి అంతవరకే పనిచేసింది.

వారం తిరిగేసరికి ఆవిడ నా గదిలోకి వచ్చారు. ఏడ్చినట్టున్నారు.

"ఏవండీ, నా వల్ల తప్పేదైనా జరిగిందా అండీ?"

"ఎవరేమన్నారండీ?"

"ఎవరూ ఏమీ అనట్లేదండి, అదే భయం. ఇదివరకు రైస్ మిల్లులో నన్ను మానిపించే ముందు కూడా ఇలాగే పని చెప్పడం ఆపేశారండి. మా అమ్మాయి చదువు సగంలో ఉందండి. ఈ పని పోతే దాన్ని కాలేజీ మానిపించెయ్యాలి."

నాకు ప్రాణం చివుక్కుమంది. ఆవిడ ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పి కూర్చోబెట్టి, బయటికి వెళ్లి హెడ్ గుమస్తా మీద విరుచుకుపడ్డాను. గారు అనడానికి అంత నామోషీ ఏమిటని అడిగాను.

ఆయన తాపీగా అన్నారు. "నామోషీ ఏం లేదండి. ఆవిడ పేరే ఎవరికీ తెలీదండి. కాంట్రాక్టరు తరఫు మనిషి కదండీ, మన హాజరుపట్టీలో ఉండదు. ఆరేళ్లయ్యాక మీ పేరేంటని అడిగితే ఏం బాగుంటుందండి? మీకు తెలిస్తే చెప్పండి, ఇప్పుడే పిలుస్తాం."

నాకూ తెలియదు.

గదిలోకి తిరిగొచ్చి, సిగ్గుతో చచ్చిపోతూ అడిగాను. ఆవిడ చెప్పారు. సాయంత్రం టీ వేళ హాల్లో నిలబడి, అందరికీ వినబడేలా ఆ పేరుకి గారు చేర్చి పిలిచాను.

ఆవిడ టీ ట్రేతో అలాగే ఆగి, వచ్చింది ఎవరా అని గుమ్మం వైపు చూశారు.