ఎర్ర టిక్కుల పట్టిక

ఆ రోజుల్లో మా మార్కాపురంలో పాస్‌వర్డ్ అంటే ఎవరికి వాళ్లు దాచుకునేది కాదు, నెట్ సెంటరులో నా దగ్గర దాచిపెట్టేది. డిగ్రీ అయిపోయి అక్కడ పనికి చేరిన నేను అందరికీ ఒకటే రకం పెట్టేదాన్ని: ఊరి పేరు, పక్కన ఒకటి రెండు మూడు. (నా తెలివికి నేనే మురిసిపోయిన కాలం అది.) కంప్యూటర్లో పట్టిక కూడా చేశాను. ఊళ్లవారీగా పేర్లు, మెయిళ్లు, పాస్‌వర్డ్‌లు. తెరుచుకునేవాటికి ఎర్ర టిక్కు, తెరుచుకోనివాటికి నల్ల గీత. అంతటితో ఊరుకున్నానా! జనం ఎక్కడికి పోయినా పని ఆగకూడదని కంభం, గిద్దలూరు నెట్ సెంటర్లకు కూడా వాట్సాప్‌లో పంపాను. మా ఓనరు భాయ్ "శభాష్ బేటీ" అన్నాడు.

ఒకరోజు తర్లుపాడు నుంచి పలకల గనిలో పనిచేసే ఆయన కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. "అమ్మా, పాప మెయిల్ ఓపెన్ కావట్లా. నర్సింగు సీటు కాగితం దాంట్లోనే వస్తాదంట." చూస్తే, ఎవరో పాస్‌వర్డ్ మార్చేశారు. ఆ పిల్ల ఏడవలేదు, తెర వంకే చూస్తూ కూర్చుంది. నేనే పాత పాస్‌వర్డ్‌ను మళ్లీ మళ్లీ కొట్టి చూశాను.

భాయ్ మా ముగ్గురినీ సైబర్ పోలీసుల దగ్గరికి తీసుకుపోయాడు. అక్కడి కానిస్టేబులు దొంగలు బేరాలాడుకునే గ్రూపు ఒకటి తెరిచి చూపించాడు. "ఒక్కొక్కరివి అమ్మరమ్మా, ఊరికొక కట్ట కట్టి అమ్ముతారు. తెరుచుకుంటాయని తేలినవాటికి గిరాకీ. నమ్మకం కోసం ముందు పది పేర్లు ఊరికే చూపిస్తారు." ఆ పదీ తర్లుపాడువే. పక్కన ఎర్ర టిక్కులు! నేను పంపిన పట్టికే చేతులు మారి మారి అక్కడిదాకా పోయింది. "ఎవురో బాగా చదువుకున్నోళ్లే చేసినారు, ఎంత నీటుగా ఉందో చూడండి" అన్నాడాయన. నా పనికి సర్కారు నుంచి దొరికిన మొదటి మెప్పు అది. "సార్, అది నేనే చేసినా" అన్నాను. భాయ్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "యా అల్లా, ఏంది బేటీ ఇది!"

మెయిల్ తిరిగి చేతికొచ్చేసరికి సీటు గడువు దాటిపోయింది. ఆ పిల్లకు ఒక ఏడాది పోయింది, నా వల్లే. "పోన్లే తల్లీ, నువ్వు కావాలని చేసినావా" అన్నాడు వాళ్ల నాయన. తిట్టినా బాగుండేది. పట్టికలో ఉన్నవాళ్ల ఇళ్లకు భాయ్, నేను తిరిగి పాస్‌వర్డ్‌లు మార్పించాం. కొందరు దులిపేశారు, ఎక్కువమంది మాత్రం "కొత్తది కూడా నువ్వే రాసిపెట్టుకోమ్మా" అన్నారు!

మొన్న బీపీ చూపించుకుందామని ఆస్పత్రికి పోతే, నర్సు దుస్తుల్లో ఆ పిల్లే ఎదురైంది. మరుసటేడు సీటు తెచ్చుకుందట. నా పేరు ఎక్కించడానికి కంప్యూటర్ ముందు కూర్చుని, కీబోర్డు మీద చెయ్యి పెట్టి ఆగింది.

"అక్కా, ఏమనుకోబాక. కొంచెం అటు తిరుగు."

తిరిగాను. గోడకేసి చూస్తూ నిలబడితే, టిక్కులు పెట్టుకుంటూ మురిసిపోయిన ఆ డిగ్రీ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. 'అటు తిరుగు' అని ఆ ఒక్క మాట నాకు అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది.